బికినీ వ్యాక్స్ తర్వాత లోపలికి పెరిగిన వెంట్రుకలు: గిల్లకుండా, మచ్చ పడకుండా తగ్గించుకోవడం ఎలా

వ్యాక్స్ చేయించుకుని పది రోజులు దాటుతుంది. మొదట్లో ఉన్న మంట, ఎరుపు ఎప్పుడో తగ్గిపోయి ఉంటాయి. ఒకరోజు స్నానం చేస్తుంటే గజ్జల దగ్గర వేలికి ఆవగింజంత గట్టిది ఏదో తగులుతుంది. నొక్కితే చురుక్కుమంటుంది. అద్దం పెట్టి చూస్తే ఎర్రటి బొడిపె, దాని నడుమ పలచటి చర్మం కింద నల్లటి గీత. పార్లర్లలో ఇన్‌గ్రోన్ హెయిర్ అనేది దీన్నే. లోపలికి పెరిగిన వెంట్రుక.

కనిపించగానే చెయ్యి ఊరుకోదు. గోటితో గిల్లుదామా, ట్వీజర్‌తో లాగేద్దామా అనిపిస్తుంది. నేను లాగాను. చాలా ఏళ్ల కిందట ఒక రాత్రి బాత్రూం లైటు కింద కూర్చుని అరగంట సేపు ట్వీజర్ కొనతో తవ్వాను. వెంట్రుక సగంలో తెగింది. తెల్లారేసరికి ఆవగింజ కాస్తా శనగగింజంత అయింది, నడిస్తే తొడ రాసుకుని మంట. వాపు పది రోజుల్లో పోయింది కానీ, అక్కడ మిగిలిన నల్ల మచ్చ పోవడానికి దాదాపు ఏడాది పట్టింది. ఆ వెంట్రుకను వదిలేసి ఉంటే రెండు వారాల్లో దానంతట అదే బయటికి వచ్చేదని తర్వాత తెలిసింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఇందులో ఎక్కువ భాగం వెంట్రుకను పీకడం గురించి ఉండదు. చర్మాన్ని మెత్తబరిచి, దానికి దారి ఇచ్చి, ఓపిక పట్టడం గురించే ఉంటుంది.

అసలు లోపల ఏం జరుగుతోంది

వ్యాక్స్ వెంట్రుకను వేరుతో సహా లాగేస్తుంది. ఖాళీ అయిన కుదుట్లో, అంటే వెంట్రుక మొలిచే చిన్న గుంటలో, కొన్నాళ్లకు కొత్త వెంట్రుక మొదలవుతుంది. దాని కొన సన్నగా, సూదిగా, మెత్తగా ఉంటుంది. ఈలోగా చర్మం తన పని తాను చేసుకుపోతుంది. పైపొర మృతకణాలు రాలుతూ ఉంటాయి, కొన్ని రాలకుండా ఆ చిన్న రంధ్రం మూతి మీద పేరుకుంటాయి. కింది నుంచి వచ్చిన మెత్తటి కొన ఆ మూతను చీల్చలేక పక్కకు తిరిగి, చర్మం కిందే పాకుతుంది. ఒక్కోసారి చుట్ట చుట్టుకుని అక్కడే ఉండిపోతుంది.

ఇంకో దారి కూడా ఉంది. వ్యాక్స్ లాగేటప్పుడు వెంట్రుక వేరుతో రాకుండా చర్మం లోపలే తెగిపోతుంది. మిగిలిన మొండి ముక్క పెరుగుతూ కుదురు గోడను పొడుచుకుని పక్కనున్న చర్మంలోకి దిగుతుంది. వ్యాక్స్ సరిగ్గా చేయని చోట ఒకేసారి పది పదిహేను బొడిపెలు రావడానికి చాలాసార్లు కారణం ఇదే.

వెంట్రుక మనదే అయినా, కుదురు దాటి చర్మంలోకి దిగాక శరీరం దాన్ని ముల్లులాగే చూస్తుంది. ముల్లు గుచ్చుకుంటే ఏమవుతుందో అదే అవుతుంది: ఎరుపు, వాపు, దురద, కొన్నిసార్లు చీము. చీము కనిపించిందంటే క్రిములు చేరాయనే కాదు. చాలాసార్లు అది శరీరం ఆ వెంట్రుక మీద చేస్తున్న దాడి మాత్రమే. తెల్లటి మొన కనబడగానే యాంటీబయోటిక్ కోసం పరుగెత్తనక్కర్లేదు.

కాళ్లకు, చేతులకు కంటే ఇక్కడే ఎందుకు ఎక్కువ వస్తాయంటే, ఇక్కడి వెంట్రుక మందంగా, వంకరగా ఉంటుంది, దాని కుదురే ఒంపు తిరిగి ఉంటుంది. పైగా ఒకే దిక్కుకు పెరగదు. పైభాగంలో కిందికి, పక్కల్లో లోపలి వైపుకు, కొన్నిచోట్ల సుడి తిరిగి ఉంటుంది. దీనికి తోడు చెమట, బిగుతు లోదుస్తుల అంచు రోజంతా చేసే రాపిడి. రింగుల జుట్టు ఉన్నవాళ్లకు ఈ బాధ మరీ ఎక్కువ.

ముందు అది ఇన్‌గ్రోనేనా అని తేల్చుకోండి

ఈ మెట్టు దాటేయకండి. గజ్జల్లో వచ్చే ప్రతి బొడిపె ఇన్‌గ్రోన్ కాదు, ప్రతిదానికీ ఒకే మందు పనిచేయదు.

ముందు రోజులు లెక్కపెట్టండి. వ్యాక్స్ అయిన గంటల్లోనే వచ్చే ఎర్రటి చుక్కలు వెంట్రుక లాగిన దెబ్బకు వచ్చినవి, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. ఒకటి నుంచి మూడు రోజుల్లోపు చిన్న చిన్న చీముగింజలు గుంపుగా లేస్తే, అవి ఎక్కువగా కుదుళ్ల వాపు, డాక్టర్లు ఫోలిక్యులైటిస్ అంటారు. తెరుచుకున్న రంధ్రాల్లోకి క్రిములు చేరితే వస్తుంది. ఇన్‌గ్రోన్ రావాలంటే ముందు వెంట్రుక పెరగాలి కదా, అందుకే అది వారం దాటాక, ఎక్కువగా రెండు మూడు వారాలప్పుడు కనిపిస్తుంది.

తర్వాత ఆకారం చూడండి. చేతి అద్దం, మంచి వెలుతురు కావాలి. మొబైల్ టార్చిని ఎదురుగా కాకుండా పక్కనుంచి వేస్తే చర్మం కిందున్న గీత తేలిగ్గా కనబడుతుంది. నడుమ నల్ల చుక్కో, వంకర గీతో, చిన్న ఉంగరంలాంటి చుట్టో ఉంటే అది ఇన్‌గ్రోనే. వాపు ఎక్కువగా ఉన్నప్పుడు వెంట్రుక కనిపించకపోవచ్చు, రెండు మూడు రోజులు కాపడం పెట్టాక మళ్లీ చూడండి.

ఇక వేరే సంగతులు. బొడిపెలు రావడానికి ముందే ఆ చోట జివ్వుమని మంట పుట్టి, ఆపైన నీటి పొక్కులు ఒక్క దగ్గర గుత్తిలా లేచి, చితికి పుండ్లయితే అది హెర్పీస్ కావచ్చు. నొప్పి లేకుండా ముత్యంలా గుండ్రంగా, నడుమ చిన్న గుంటతో ఉంటే ములస్కం అనే వైరస్ వల్ల వచ్చేవి. గరుకుగా, కండ ముక్కల్లా పైకి లేస్తే పులిపిర్లు. ఈ మూడూ ఒకరి నుంచి ఒకరికి అంటుకునేవే, వాటి మీద వ్యాక్స్ చేస్తే పక్క చర్మానికి కూడా పాకుతాయి. యోని ద్వారం పక్కన లోతుగా ఒకే వైపు గడ్డ కడితే అది బార్తోలిన్ గ్రంథి వాపు కావచ్చు. లోపలి పెదవుల మీద వెంట్రుకలు మొలవవు, కాబట్టి అక్కడ వచ్చింది ఏదైనా ఇన్‌గ్రోన్ కాదు. వీటిలో ఏ అనుమానం ఉన్నా డాక్టర్‌కు చూపించాకే మిగతా సంగతి.

మరొకటి ఉంది, దీన్ని చాలామంది ఏళ్ల తరబడి ఇన్‌గ్రోన్ అనుకుని మోస్తుంటారు. గజ్జల్లో, చంకల్లో, రొమ్ముల కింద నొప్పి గడ్డలు మళ్లీ మళ్లీ వస్తూ, పగిలి చీము కారుతూ, గట్టి మచ్చలు, చర్మం కింద సొరంగాల్లాంటివి మిగులుస్తుంటే అది హైడ్రాడెనైటిస్ సపురటైవా అనే దీర్ఘకాలపు జబ్బు కావచ్చు. ఒంటి శుభ్రత లోపించడం వల్ల వచ్చేది కాదు, అంటువ్యాధి కాదు. ఎంత తొందరగా చర్మ డాక్టర్‌ను కలిస్తే అంత మేలు.

మొదటి మెట్టు: ఆ చోటును వదిలేయండి

బొడిపె ఉన్నంత కాలం అక్కడ వ్యాక్స్, షేవింగ్, ఎపిలేటర్, హెయిర్ రిమూవల్ క్రీమ్ ఏదీ వద్దు. చుట్టుపక్కల కొత్త వెంట్రుకలు ముళ్లలా కనబడుతున్నా సరే. బిగుతు జీన్స్, లేసు అంచు లోదుస్తులు కొన్నాళ్లు పక్కన పెట్టి, మెత్తటి కాటన్‌వి వేసుకోండి. అంచు సరిగ్గా గజ్జల గీత మీద పడకుండా కాస్త పెద్ద సైజు అయితే ఇంకా మంచిది. రాత్రిపూట వదులు పైజామా చాలు, లోపల ఏమీ వేసుకోకపోయినా పర్వాలేదు.

రెండో మెట్టు: కాపడం

ఇంత సులువైన పని ఇంత మేలు చేస్తుందని నేను మొదట నమ్మలేదు. శుభ్రమైన చిన్న గుడ్డను గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండండి. ముందు ముంజేతి లోపలి వైపు ఆనించి చూడండి. హాయిగా ఉండాలి, ఉలిక్కిపడేలా ఉండకూడదు. గజ్జల చర్మం పలచన, తేలిగ్గా కాలుతుంది. ఆ గుడ్డను బొడిపె మీద 10 నుంచి 15 నిమిషాలు ఉంచండి. చల్లబడితే మళ్లీ ముంచండి. రోజుకు మూడు నాలుగు సార్లు కుదిరితే సరే, కనీసం పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. ప్రతిసారీ ఉతికిన గుడ్డే వాడాలి, ఒకే తడిగుడ్డను రోజంతా తిప్పితే క్రిములకు ఇల్లు కట్టిచ్చినట్టే.

వేడికి పైపొర నానుతుంది, రంధ్రం మూతి మీద గట్టిపడినది మెత్తబడుతుంది, రక్తప్రసరణ పెరిగి వాపు తగ్గడానికి సాయపడుతుంది. నాలుగైదు రోజులు వదలకుండా చేస్తే, నల్ల గీత చర్మానికి దగ్గరగా పైకి తేలడం మీకే కనబడుతుంది. చాలా ఇన్‌గ్రోన్‌లు ఈ దశలోనే బయటపడతాయి. ఒకరోజు తువ్వాలుతో అద్దుకుంటుంటే వెంట్రుక కొన బయటికి నిలబడి ఉంటుంది, ఎప్పుడు వచ్చిందో కూడా తెలియదు.

మూడో మెట్టు: మూత కరిగించడం

కాపడంతో పాటు మృతకణాల పొరను కొద్దికొద్దిగా తీయాలి. దీనికి రెండు మార్గాలున్నాయి. ఒకటి రుద్దడం, రెండోది కరిగించడం.

రుద్దడమంటే స్నానంలో మెత్తటి గుడ్డతో, వేళ్ల బరువు తప్ప ఇంకేమీ పెట్టకుండా, చిన్న చిన్న గుండ్రాలుగా అర నిమిషం తిప్పడం. అంతకు మించి వద్దు. గింజల పొడి ఉన్న గరుకు స్క్రబ్‌లు, గట్టి బ్రష్‌లు ఇక్కడ వాడొద్దని గట్టిగా చెబుతాను. వాచిన చర్మం మీద అవి కంటికి కనబడని గీతలు పెడతాయి.

కరిగించడానికి సాలిసిలిక్ యాసిడ్ నా మొదటి ఎంపిక. ఇది నూనెలో కలిసే గుణమున్నది కాబట్టి జిడ్డు నిండిన రంధ్రం లోపలిదాకా దిగుతుంది, వాపును కూడా కొంత తగ్గిస్తుంది. 0.5 నుంచి 2 శాతం మధ్య ఉన్న లోషన్ గానీ, ఫేస్ టోనర్ గానీ సరిపోతుంది. అది పడకపోతే లాక్టిక్ యాసిడ్ లేదా గ్లైకాలిక్ యాసిడ్ ఉన్న బాడీ లోషన్, 5 నుంచి 10 శాతం లోపు. అన్నీ కలిపి పూయకండి, ఏదో ఒకటే.

వాడే పద్ధతి ఇది. ముందు తొడ లోపలి వైపు చిన్న నాణెమంత చోట రాసి ఒక రోజు చూడండి. దద్దుర్లు రాకపోతే, రాత్రి స్నానం అయ్యి చర్మం పూర్తిగా ఆరాక, దూదితో ఒక్క పూత, బొడిపెల మీద, వాటి చుట్టూ మాత్రమే. మొదటి వారం రోజు విడిచి రోజు. కొద్దిగా చురుకు మామూలే, నిమిషంలో పోవాలి. మంట ఆగకపోతే నీళ్లతో కడిగేసి రెండు రోజులు మానేయండి. చిట్లిన చర్మం మీద, పుండు మీద రాయకూడదు. వ్యాక్స్ అయిన మొదటి రెండు మూడు రోజులు అసలే రాయకూడదు. వెంట్రుకలు మొలిచే బయటి చర్మం వరకే ఇవి వాడాలి, లోపలి మెత్తటి పొరలకు ఒక్క చుక్క కూడా తగలకూడదు. ఆస్పిరిన్ పడనివాళ్లు సాలిసిలిక్ జోలికి పోవద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఏది వాడాలన్నా డాక్టర్‌ను అడిగే వాడాలి.

దురద, వాపు ఎక్కువైతే

గోకితే మళ్లీ మొదటికొస్తుంది. చల్లటి తడిగుడ్డ ఐదు నిమిషాలు ఆనిస్తే దురద దిగుతుంది. అప్పటికీ ఆగకపోతే 1 శాతం హైడ్రోకార్టిజోన్ క్రీమ్ పలచగా, రోజుకు ఒకటి రెండుసార్లు, మూడు నాలుగు రోజులు. వారం దాటకూడదు. గజ్జల మడతల్లో చర్మం మందును ఎక్కువగా పీల్చుకుంటుంది, ఎక్కువ రోజులు రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి.

ఇక్కడ ఒక్క మాట. స్టెరాయిడ్, యాంటీబయోటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన క్రీమ్‌లు ఉంటాయి. ఇంట్లో ఎవరో తామరకు వాడి మిగిల్చిన ట్యూబు కనబడగానే రాసేసుకుంటారు. వీటిలో చాలావాటిలో బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు అంతా తగ్గినట్టే ఉంటుంది, ఆ తర్వాత గజ్జల్లో ఫంగస్ రెట్టింపై వస్తుంది. డాక్టర్ రాయనిదే వాటిని ముట్టుకోకండి. టూత్‌పేస్ట్, డియోడరెంట్, సువాసన నూనెలు కూడా అంతే, ఈ చర్మానికి అవి మంటే తప్ప మందు కావు.

నాలుగో మెట్టు: వెంట్రుకకు దారి ఇవ్వడం

ఇది అందరూ మొదట చేసే పని, కానీ చివర్లో చేయాల్సినది. అది కూడా ఒకే ఒక్క పరిస్థితిలో: వెంట్రుక చుట్ట చర్మం పైకి తేలి, కంటికి స్పష్టంగా కనబడుతున్నప్పుడు. అది కనిపించకుండా లోతుగా ఉంటే, చీముతో వాచి ఉంటే, మీకు షుగర్ ఉంటే, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతుంటే ఈ పని ఇంట్లో చేయొద్దు.

1. పది నిమిషాలు కాపడం పెట్టండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.
2. సీలు ఉన్న కొత్త సూది గానీ, సన్నకొన ట్వీజర్ గానీ తీసుకుని స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. బొడిపె చుట్టూ కూడా క్రిమిసంహారక ద్రవంతో తుడవండి.
3. రెండు వేళ్లతో చర్మాన్ని కాస్త బిగించి పట్టుకోండి. సూదిని పొడవకుండా, పడుకోబెట్టినట్టు చర్మానికి దాదాపు సమాంతరంగా పెట్టి, ఆ ఉంగరం కిందికి పోనిచ్చి మెల్లగా పైకి లేపండి.
4. కొన బయటికి రాగానే ఆపేయండి. పీకొద్దు.
5. మళ్లీ శుభ్రం చేయండి. చర్మం కొద్దిగా చిట్లితే వాసనలేని పెట్రోలియం జెల్లీ పలచగా అద్దండి.

పీకొద్దు అన్నదాన్ని నేను మొదట్లో పెడచెవిన పెట్టాను. అంత కష్టపడి బయటికి తెచ్చాక వదిలేయడమేమిటని అనిపిస్తుంది. కానీ పీకేస్తే ఆ కుదుట్లో మళ్లీ అదే మెత్తటి కొన మొదలవుతుంది, పైన వాచిన చర్మం మూసుకుంటుంది, మూడు వారాలకు అదే చోట అదే బొడిపె. వదిలేస్తే వెంట్రుక నిలబడి ఉండి దారి తెరిచి ఉంచుతుంది, చుట్టూ వాపు దిగిపోతుంది. ఒక్కోసారి బయటపడిన వెంట్రుక చూసి ఆశ్చర్యమేస్తుంది. చర్మం కింద చిన్న చుక్కలా కనిపించింది, పైకి లేపాక సెంటీమీటరు పైన పొడవు, స్ప్రింగులా చుట్టలు తిరిగి ఉంటుంది. అన్ని రోజులూ అది లోపలే పెరుగుతూ ఉంది.

రెండుసార్లు ప్రయత్నించినా రాకపోతే, రక్తం చుక్క కనబడితే, ఆ రోజుకు వదిలేయండి. మళ్లీ కాపడాలకే వెళ్లండి.

చీము పడితే, ముదిరితే

చిన్న చీముమొన ఉంటే పిండకండి. పిండినప్పుడు చీము పైకే వస్తుందని లేదు, కిందికి కూడా చిట్లుతుంది, అప్పుడు గింజ కాస్తా సెగ్గడ్డ అవుతుంది. కాపడం పెట్టండి. బెంజోయిల్ పెరాక్సైడ్ ఉన్న వాష్, 2.5 నుంచి 5 శాతం, బయటి చర్మం మీద ఒకటి రెండు నిమిషాలు ఉంచి బాగా కడిగేయండి. ఇది తువ్వాళ్లనూ లోదుస్తులనూ వెలిసిపోయేలా చేస్తుంది, తెల్లటివి వాడండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? ఎరుపు గంటగంటకు పరుచుకుంటున్నప్పుడు, బొడిపె నుంచి ఎర్రటి చార సాగుతున్నప్పుడు, జ్వరం గానీ చలి గానీ వచ్చినప్పుడు, గడ్డ ఆడుకునే గోలీ కంటే పెద్దదై లోపల నీళ్లున్నట్టు మెత్తగా కదులుతున్నప్పుడు, నడవలేనంత నొప్పి ఉన్నప్పుడు. ఇవి ఆ రోజే చూపించుకోవాల్సినవి. గజ్జల్లో బిళ్ళ కట్టడం ఒక్కటే అయితే, అంటే లింఫ్ గ్రంథి కొద్దిగా వాచడం, కంగారు పడక్కర్లేదు. కానీ అది పెరుగుతున్నా, రెండు వారాలైనా తగ్గకపోయినా చూపించండి. మామూలు ఇన్‌గ్రోన్ కూడా మూడు వారాలు దాటి అలాగే ఉంటే చూపించుకోవడమే మంచిది. డాక్టర్ శుభ్రమైన పరికరంతో ఐదు నిమిషాల్లో ఆ వెంట్రుకను విడిపిస్తారు. చీము గడ్డ కడితే చిన్న గాటు పెట్టి తీస్తారు.

ఆ చోటు చూపించడానికి సిగ్గుపడి వారాలు లాగేవాళ్లను చూశాను, నేనూ లాగాను. చర్మ డాక్టర్‌కు, గైనకాలజిస్టుకు ఇది రోజూ చూసే విషయం. మహిళా డాక్టర్ కావాలని అడగొచ్చు, గదిలో తోడు కావాలని అడగొచ్చు.

మిగిలిన మచ్చ సంగతి

బొడిపె పోయాక గోధుమ రంగో నలుపో చుక్క మిగులుతుంది. వాపు తగ్గేటప్పుడు చర్మం ఎక్కువ రంగు వదిలిపోవడమే ఇది, గాయం మచ్చ కాదు. చామనఛాయ, నలుపు ఒంటివాళ్లకు ఇది ఎక్కువగా కనబడుతుంది, ఎక్కువ రోజులు ఉంటుంది. చాలా వరకు నెలల్లో దానంతట అదే పలచబడుతుంది. తొందర కావాలంటే అజలాయిక్ యాసిడ్ 10 శాతం గానీ, నియాసినమైడ్ ఉన్న లోషన్ గానీ రోజుకు ఒకసారి, కనీసం రెండు మూడు నెలలు. చర్మాన్ని తెల్లబరిచే హైడ్రోక్వినోన్‌లాంటి గట్టి క్రీమ్‌లు ఈ చోట సొంతంగా మొదలుపెట్టొద్దు. రాపిడి తగ్గకుండా ఏ క్రీమ్ రాసినా మచ్చ పోదు, అందుకే వదులు బట్టలు అని మళ్లీ చెబుతున్నాను.

తర్వాతి వ్యాక్స్‌కు ముందు

పాత బొడిపెలన్నీ మానాకే వెళ్లండి. వెంట్రుక పొడవు 5, 6 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకన్నా పొట్టిగా ఉంటే వ్యాక్స్ పట్టు దొరక్క మధ్యలో తెగుతుంది. తెగిన వెంట్రుకే కదా లోపలికి తిరిగేది. 12 మిల్లీమీటర్లు దాటితే ముందు కత్తిరించుకోండి. సగానికి సగం ఇన్‌గ్రోన్‌లు తొందరపడి రెండు వారాలకే మళ్లీ వ్యాక్స్ చేయించుకోవడం వల్లే వస్తాయని నా నమ్మకం. ఒకసారి నేను అలా తొందరపడి వెళ్తే, పార్లర్‌లో పెద్దావిడ చూసి "ఇంకో పది రోజులు ఆగి రామ్మా, ఇప్పుడు లాగితే అన్నీ తెగుతాయి" అని తిప్పి పంపింది. అప్పుడు చిరాకేసింది కానీ, ఆ తర్వాత ఆవిడ దగ్గర తప్ప ఇంకెక్కడా చేయించుకోలేదు. మామూలుగా మూడు నుంచి ఆరు వారాల ఎడం ఉండాలి.

యాసిడ్ పూతలు రెండు మూడు రోజుల ముందే ఆపండి. రెటినాయిడ్ (విటమిన్ ఎ రకం మందు) క్రీమ్ ఆ చోట వాడుతుంటే కనీసం వారం ముందు. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వేసుకుంటుంటే వ్యాక్స్ వద్దే వద్దు, చర్మం పొరలుగా ఊడివస్తుంది. మాత్రలు ఆపాక కూడా ఆరు నెలలు ఆగమని చెబుతారు.

చేసేటప్పుడు గమనించాల్సినవి: చర్మాన్ని బిగించి పట్టాలి. ఆకాశం వైపు లాగకుండా, చర్మానికి ఆనుకున్నట్టు సమాంతరంగా, వెంట్రుక పెరిగిన దిక్కుకు ఎదురుగా ఒక్క లాగులో రావాలి. దిక్కు మారిన ప్రతిచోటా పట్టీ దిక్కు మారాలి. గుడ్డ పట్టీ లేకుండా గట్టిపడే హార్డ్ వ్యాక్స్ చర్మాన్ని కాక వెంట్రుకను పట్టుకుంటుంది కాబట్టి ఇక్కడికి అదే నయం. ఒకే చోట మూడోసారి వ్యాక్స్ వేయబోతే ఆపమనండి. ఒకసారి ఒంటికి తగిలిన కర్రను మళ్లీ వ్యాక్స్ డబ్బాలో ముంచడం కనిపిస్తే లేచి వచ్చేయండి, అందులో మొహమాటం అక్కర్లేదు.

తర్వాతి రోజులు

మొదటి 48 గంటలు రంధ్రాలు తెరుచుకుని ఉంటాయి. వేడినీళ్ల స్నానం, ఈత, జిమ్, శృంగారం, సువాసన సబ్బులు, బిగుతు బట్టలు అన్నీ ఆపాలి. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్దుకోవాలి. నాలుగో రోజు నుంచి వారానికి రెండుసార్లు మెత్తటి గుడ్డతో రుద్దడం, ఇంకో రెండు రాత్రులు సాలిసిలిక్ పూత, రోజూ వాసనలేని తేలికపాటి మాయిశ్చరైజర్. ఇది మానకుండా తర్వాతి వ్యాక్స్ ముందు వరకూ సాగాలి. ఇన్‌గ్రోన్ కనబడ్డాక మొదలుపెడితే ఆలస్యమే, మూత పేరుకోకముందే తీస్తూ పోవాలి.

ఇంత చేసినా ప్రతినెలా వస్తుంటే

అప్పుడు వ్యాక్స్ మీ చర్మానికి పడటం లేదనే అనుకోవాలి. ఆరోగ్యం కోసం ఆ వెంట్రుకలు తీయాల్సిన అవసరమేమీ లేదు. అవి చర్మాన్ని రాపిడి నుంచి కాపాడతాయి. మూడు నెలలు పూర్తిగా మానేసి చూడండి. కుదుళ్లన్నీ కోలుకుంటాయి, లోపల ఇరుక్కున్నవి కూడా పొడవు పెరిగి బయటపడతాయి. శుభ్రంగా కనబడితే చాలనుకునేవాళ్లకు ట్రిమ్మర్ అన్నిటికంటే భద్రం. రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి కత్తిరిస్తే, ఆ కొన చర్మం పైనే ఉంటుంది కాబట్టి లోపలికి తిరిగే ప్రసక్తి దాదాపు ఉండదు.

పూర్తిగా వద్దనుకుంటే లేజర్ ఉంది. కుదురులోని నల్ల రంగును వేడెక్కించి దెబ్బతీస్తుంది, వచ్చే వెంట్రుకలు సన్నబడి తగ్గుతాయి, వాటితో పాటే ఇన్‌గ్రోన్‌లూ తగ్గుతాయి. ముదురు చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ మిగతావాటికంటే భద్రమైనది. ఏ యంత్రం వాడుతున్నారని అడిగి తెలుసుకోండి, తప్పుడు లేజర్ వల్ల కాలి మచ్చలు పడినవాళ్లున్నారు. నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు సాధారణం. తెల్లబడిన, లేత రంగు వెంట్రుకలకు లేజర్ పనిచేయదు, వాటికి ఒక్కో కుదుట్లో సన్నని తీగ దించి కరెంటుతో చేసే ఎలక్ట్రాలసిస్ ఒక్కటే దారి. అది నెమ్మదిగా సాగే పని.

లేజర్‌కు వెళ్లాలని నిర్ణయించుకుంటే అంతకు ముందు కనీసం నాలుగు వారాలు వ్యాక్స్ గానీ, పీకడం గానీ చేయొద్దు. లేజర్‌కు కావాల్సింది కుదుట్లో ఉన్న వెంట్రుకే, వ్యాక్స్ చేస్తే అదే ఉండదు. ఆ నెలంతా ట్రిమ్మర్‌తో సర్దుకుని, ముందు రోజు మాత్రం కొత్త బ్లేడుతో వెంట్రుక పెరిగిన దిక్కుకే ఒకసారి షేవ్ చేసుకుని వెళ్లండి.